బొడ్డు లేని మచ్చ

ఖండప్ప రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో నాలుగు "ఊ"లు.

తెర వెనక నిలబడి పాతిక గొంతులు పలికే బొమ్మలాట ఇంట్లో పుట్టి, ఇతనికి ఈ మూగనోము ఎట్లా పట్టిందో ఎవరికీ అంతుపట్టదు. ఆటలో మాటంతా, పాటంతా పెండ్లాం అంజనమ్మది. రాణి ఏడిస్తే ఆమె గొంతే, రాక్షసి నవ్వితే ఆమె గొంతే. ఖండప్పది తోలు పని. మేకతోలు నానేసి, వెంట్రుక గీకి, ఎండలో బిగలాగి కట్టి, దీపానికి అడ్డం పట్టి చూసి, చిల్లులు కొట్టి బొమ్మ చెయ్యడం. మూడో తరగతిలో పలక పారేసి ఉలి పట్టినవాడు, అరవై మూడేండ్లు వచ్చినా దించలేదు.

అట్లాంటి మనిషి ఇప్పుడు తెల్లకోటు తొడుక్కొని, నెత్తికి గుడ్డటోపీ పెట్టుకొని, పట్నంలో పెద్దాసుపత్రి రెండో అంతస్తులో మనుషుల తోలు చూసే కొలువు చేస్తున్నాడు.

మూడేండ్ల కిందట అంజనమ్మకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఏడాది పొడుగునా వారానికి మూడుసార్లు మిషను పక్కన పండుకొని నెత్తురు కడిగించుకునింది. సూదిపోట్లకి చెయ్యి ఉబ్బిపోయింది. గొంతు పీలగా అయింది. పాట నిలిచిపోయింది. ఆ పాట నిలిచిన వారమే ఖండప్ప డాక్టరు ముందుకు పోయి చొక్కా ఎత్తి నడుము చూపించాడు.

"నాది తీసుకోండి."

ఆ రోజుకి ఆయన మాట్లాడింది ఆ రెండు మాటలే.

కిడ్నీ కలిసింది. పని చేసింది. అంజనమ్మ లేచి కూర్చున్న రోజే నోరు కూడా లేచింది.

"నీ కిడ్నీ కూడా అచ్చం నీ మాదిరే ఉండాదయ్యా. మాటా లేదు, పలుకూ లేదు. గమ్మున దాని పని అది చేసుకొని పోతాండాది."

"ఊ" అన్నాడు ఖండప్ప.

అయితే ఒకరి ముక్క ఇంకొకరి ఒంట్లో ఊరికే ఉండదు. ఒంట్లో కాపలావాళ్లు ఉంటారు. కొత్త ముక్కని చూసి దొంగ అనుకొని మీదపడి కొడతారు. అందుకని ఆ కాపలావాళ్లని నిద్రపుచ్చే మాత్రలు పూటపూటా మింగాలి. కాపలా నిద్రపోతే నిజం దొంగలకి పండగ. మామూలు మనిషి తుమ్మి దులుపుకొనే బూజు, మట్టిలో ఉండే పురుగు, పావురాల రెట్టలోని విత్తనం, అన్నీ లోపలికి దూరతాయి. దూరిన సంగతి చాలాసార్లు ముందు తోలే చెప్తుంది. ఒకరికి దోమ కుట్టినట్టు పొక్కు. ఒకరికి ఉలిపిరికాయ మాదిరి లేచి, నడిమధ్యన గుంట. ఒకరికి ఎంతకీ మానని పుండు. కాకపోతే తోలు చెప్పేటప్పటికి లోపల ఊపిరితిత్తో, మెదడో సగం పోయి ఉంటుంది.

తోలు ఇంకొంచెం ముందు చెప్తే ఎంత బాగుండు అని ఆ ఆసుపత్రిలో డాక్టర్ తస్లీమా పదేండ్లు తల బద్దలు కొట్టుకునింది. కడాకి తోలునే విడిగా పెంచింది.

రోగి తొడ మీద చింతాకంత తోలు తీస్తారు. గాజు పళ్లెంలో గులాబిరంగు నీళ్లలో పెంచితే రెండు నెలలకి అరచేయంత అవుతుంది. వారానికోసారి ఆ రోగి నెత్తురు రెండు చెంచాలు, వెంట్రుకల్లాంటి గొట్టాలతో దాని గుండా పారిస్తారు. ఆ తోలులో కాపలావాడు అనేవాడు మచ్చుకి కూడా ఉండడు. అందుకని నెత్తురులో ఏ దొంగ దాక్కొని ఉన్నా, ఒంటి మీద నెలకి తేలేది పళ్లెంలో నాలుగు రోజులకే తేలుతుంది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు మూరెడు పొడుగు. ఖండప్ప దాన్ని "జోడు" అన్నాడు. ఆసుపత్రిలో అందరికీ ఆ పేరే నిలిచింది.

అంజనమ్మకి జోడు పెంచే రోజుల్లో ఆయన వరండాలో కూర్చొని ఉన్నాడు. గాజు తలుపు అవతల పురుషోత్తం అనే ల్యాబ్ ఆయన ఒక పళ్లేన్ని దీపం మీద పెట్టుకొని తంటాలు పడుతున్నాడు. కెమెరా ఎర్రలైటు వేసి కూస్తోంది. మచ్చ ఉందంటోంది. ఖండప్ప చాలాసేపు చూసి చూసి, లేచిపోయి తలుపు తట్టాడు.

"మచ్చ కాదప్పా. మడత."

"నీకెట్ల తెలుసు మామా?"

"కొంచెం వంచు."

పురుషోత్తం వంచాడు. మచ్చ మాయమైంది. వెనక నిలబడి చూస్తున్న తస్లీమా, "ఆయనకి ఇంకోటి చూపించు" అంది. ఆ పూట పదకొండు పళ్లేలు చూపించారు. కెమెరా నాలుగింట్లో తప్పింది. ఖండప్ప ఒక్కదాంట్లో కూడా తప్పలేదు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు.

ఆయనకి అదేమీ పెద్ద విద్య కాదు. మేకతోలుని దీపానికి పడితే ఈగ కుట్టిన చోటు ఒకరకం, ముల్లు గీరిన చోటు ఒకరకం, జబ్బు చేసి లోపల్నుంచి లేచిన మచ్చ ఇంకోరకం. పైనుంచి వచ్చింది పైనే ఆగుతుంది. లోపల్నుంచి వచ్చినదానికి నడిమధ్యన బొడ్డు మాదిరి గుంట ఉంటుంది. "లోపల పుట్టినదానికే కదరా బొడ్డు" అనేవాడు వాళ్ల నాయన. బడిలో మూడేండ్లలో రాని చదువు ఆ ఒక్క ముక్కలో వచ్చింది.

కొలువులో చేరినాక ఒక్క జోడు మాత్రం ఆయన్ని వదల్లేదు. ముప్పై మూడో నంబరు. కదిరి దిక్కు నుంచి వచ్చే ఒక బడిపంతులుది. పోయిన ఎండాకాలం దాని మీద బొడ్డున్న మచ్చలు రెండు తేలాయి. పంతులుకి తలనొప్పి తప్ప ఏ బాధా లేదు. ఏ బూజో తెలియడానికి మూడు రోజులు పడుతుంది, తెలిసినాకే మందు పెడదామని ఆగారు. మూడో రోజు మధ్యాన్నం పంతులు పోయాడు. ఆ మర్నాడు తస్లీమా గోడ మీద కాగితం అంటించింది. జోడు మీద మచ్చ తేలితే ఆ రోజే మందు. రిపోర్టు కోసం ఆగేది లేదు.

ఆ కాగితమే ఇప్పుడు అంజనమ్మ మెడకి చుట్టుకునింది.

సోమవారం పొద్దున ఖండప్ప నలభై ఒకటో పళ్లేన్ని దీపం మీద పెట్టాడు. జోళ్లకి పేర్లుండవు, నంబర్లే. అంజనమ్మ చేతిపట్టీ మీద నలభై ఒకటి ఉన్న సంగతి ఆయనకి తెలీకుండా ఎట్లుంటుంది?

నాలుగు మచ్చలు.

ఆవగింజంతవి. ఎర్రగా ఉన్నాయి. పోయిన గురువారం పరీక్షకని ముక్క తీసిన చిల్లు చుట్టూ, వేరుశనగ గింజ చుట్టూ చేరిన చీమల్లా కూడుకొని ఉన్నాయి. ఖండప్ప పళ్లేన్ని ఇటు వంచాడు, అటు వంచాడు. ఏదో తేడా కొట్టింది. ఏందో పట్టుబడలేదు. కండ్లలో నీళ్లు అడ్డం పడితే తోలేం కనబడుతుంది?

తస్లీమా వచ్చింది.

"మచ్చలేనా?"

"ఊ."

"మడత కాదు గదా?"

"కాదు."

"ఖాయమా ఖండప్ప గారూ?"

"ఊ."

అడిగినదానికి జవాబు చెప్పాడు. అడగనిదాని జోలికి పోలేదు. పురుషోత్తం ఒక మచ్చని గీకి మైక్రోస్కోపు కింద పెట్టి, "గుండ్రంగా ఉండాయి మేడమ్, మొగ్గలు తొడుగుతాండాయి. బూజు జాతే. ఏ బూజో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు.

"అంజనమ్మకి ఏమన్నా బాధ ఉందా?"

"తలనొప్పి" అన్నాడు ఖండప్ప. "రెండు దినాలుగా."

తస్లీమా గోడ మీది కాగితం వైపు ఒకసారి చూసింది. ఫోను తీసింది.

పదకొండు గంటలకల్లా అంజనమ్మని మంచం ఎక్కించారు. కిడ్నీ డాక్టరు రంగనాయకులు వచ్చి పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాడు. మంచివాడు. చెడ్డమాట చెప్పేటప్పుడు నిలబడి చెప్పడు.

"చూడమ్మా. నీ జోడు మీద బూజు తేలింది. తలనొప్పి కూడా ఉంది. మెదడుకి పోతోందేమో అని మా భయం. సాయంత్రం నాలుగింటికి సెలైన్లో గట్టి మందు ఎక్కిస్తాం. కాపలావాళ్లు లేవాలి కాబట్టి కిడ్నీ మాత్రలు ఆపేస్తాం."

"ఆపితే?"

"లేచినవాళ్లు కిడ్నీ మీద పడతారు. ఆ మందు కూడా కిడ్నీని కొరికేదే. అది నిలబడేది కష్టం. ప్రాణం ముఖ్యం గదమ్మా."

"మళ్లా ఆ మిషనా సామీ?"

రంగనాయకులు అవునన్నట్టు తల ఊపి లేచాడు.

ఆయన పోయినాక అంజనమ్మ జాకెట్టు చేతులు పైకి లాక్కొని, చీర మోకాళ్లదాకా జరుపుకొని, మొగుని ముందు పెట్టింది.

"నువ్వు తోలు చూసేవానివి గదా. చూడు. యాడన్నా ఒక పొక్కు ఉండాదా? దోమ కుట్టింది కూడా లేదే. ఆ పళ్లెంలో ఉండేది నేనా, ఈడ కూర్చునింది నేనా? దానికి మచ్చ వస్తే నాకు మందేంది?"

ఖండప్ప చూశాడు. చేతులు, మెడ, వీపు, చెవుల వెనక. శుభ్రంగా ఉంది. అయినా పంతులు ఒళ్లు కూడా ఆ రోజు శుభ్రంగానే ఉంది.

"రెండేండ్లుగా అంతే" అంది ఆమె. "గురువారం వస్తే పొద్దుటి నుంచి తలుపు దిక్కే చూస్తా ఉంటా. అది ఏమంటాదో, ఏమంటాదో అని. నా ఒళ్లు నాకు బాగుంది అంటే ఎవరూ నమ్మరు. అది బాగుంది అంటే అందరూ నమ్ముతారు. సవతి పోరు ఇంతకంటే నయం."

ఖండప్ప ఆమె చీర మోకాళ్ల మీంచి కిందికి సర్దాడు.

"ఏమయ్యా, నీ వస్తువు నీకు తిరిగిచ్చే యాళ వచ్చినట్టుంది. ఇప్పుడన్నా ఒక్క మాట అనకూడదా? తిట్టుదువు రాదా పోనీ." ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలో తెగింది. "సరేలే. రూముకి పోయి నా గ్లాసు, దుప్పటి తీసకరా. ఈడి గ్లాసులో నీళ్లు ఇనుము వాసన."

ఆసుపత్రి వెనక సందులో వాళ్ల అద్దె రూము. ఖండప్ప గ్లాసు తీశాడు. దుప్పటి మడిచి చంకన పెట్టుకున్నాడు. తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. నాలుగింటికి ఇంకా రెండు గంటల పైన టైముంది. అంతసేపు ఆ మంచం పక్కన నోరు లేకుండా ఎట్లా కూర్చునేది?

గోడకి చట్రం మీద రాణి బొమ్మ బిగించి ఉంది. అంజనమ్మ మళ్లీ ఆటకి నిలబడే రోజుకని నెల నుంచి చేస్తున్నాడు. ముఖం అయింది. మెడలో హారం సగంలో ఉంది. చేతులకి పని లేకపోతే మనసు కుక్కలా పీక్కు తింటుంది. దుప్పటి కింద పెట్టి చిన్న ఉలి తీసుకున్నాడు. ఒక చిల్లు కొట్టాడు. రెండో చిల్లు కొట్టాడు. మూడోదానికి ముందు చెయ్యి దానంతట అది పైకి లేచింది. చెవి వెనక్కి పోయింది. ఉలికొనని ఆడుండే జిడ్డు మీద ఇటొక రుద్దు, అటొక రుద్దు రుద్దుకొని కిందికి దిగింది.

ఉలికొన తళతళలాడింది.

ఖండప్ప దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

తాత అట్లనే చేసేవాడు. నాయన అట్లనే చేసేవాడు. కొనకి జిడ్డు తగిలితే తోలులోకి వెన్నలో దిగినట్టు దిగుతుంది. నూనెగిన్నె వెతుక్కొనే పని లేదు, మనిషి తలే నూనెగిన్నె. ఈ యాభై ఏండ్లలో ఎన్ని లక్షల చిల్లులు కొట్టాడో, అన్నిసార్లూ చెయ్యి చెవి వెనక్కి పోయి వచ్చి ఉంటుంది. రెప్ప కొట్టుకోవడం ఎవరు చూసుకుంటారు?

పోయిన గురువారం పురుషోత్తం మరదలి పెండ్లికి పోయాడు. వారంవారం జోళ్లకి ముక్క తీసే పని రెండు రోజులు ఖండప్పకి ఇచ్చిపోయాడు. సబ్బుతో మోచేతి దాకా కడుక్కో మామా. గ్లవుజులు తొడుక్కో. ఒక్కొక్క జోడుకి ఒక్కొక్క కొత్త పొట్లం చించు. లోపల సన్నటి స్టీలు గొట్టం ఉంటుంది. అదేదీ తాకకూడదు. జోడుకి ఆనించి తిప్పితే ముక్క వస్తుంది. అన్నీ చెప్పిపోయాడు. ఖండప్ప అన్నీ అట్లనే చేశాడు. కడుక్కున్నాడు. తొడుక్కున్నాడు. చించాడు. ఏదీ తాకలేదు.

తాకలేదా?

ఆ గొట్టంతో పురుషోత్తానికి ఎప్పుడూ తగువే. "ఈ మొద్దు గొట్టాలు తోలుని పీకుతాయి మామా, తెగవు" అని గొణుగుతానే ఉంటాడు. గురువారం నలభై ఒకటికి ఖండప్ప పెట్టినప్పుడు మాత్రం అది సుతారంగా దిగింది. అంత మెత్తగా దిగిందేమబ్బా అని అప్పుడే అనుకున్నాడు కూడా.

గుడ్డటోపీ నెత్తిని కప్పుతుంది. చెవి వెనక కప్పదు.

అప్పుడు కనబడింది ఆయనకి, పొద్దున కండ్లలో నీళ్లు అడ్డం పడి కనబడని తేడా. ఆ నాలుగు మచ్చల్లో ఒక్కదానికి కూడా బొడ్డు లేదు. పైనుంచి వచ్చినవి. పైనే ఆగినవి.

గ్లాసూ, దుప్పటీ ఆడనే పడి ఉన్నాయి. తలుపుకి గడియ కూడా పెట్టలేదు. మండే ఎండలో సందు దాటి, రోడ్డు దాటి, గేటు కాడికి వచ్చేటప్పటికి వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, ఉలి పట్టుకొని యాడికి? ఎవర్ని పొడవాలని?"

చేతిలో ఉలి ఉన్న సంగతి ఖండప్పకి అప్పుడు తెలిసింది. దాన్ని వాచ్‌మన్ చేతిలో పెట్టి మెట్లెక్కాడు.

ల్యాబ్‌లో తస్లీమా మందుల చీటీ రాస్తోంది.

"మేడమ్, తప్పు నాది" అన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. తాత, నాయన, జిడ్డు, గురువారం, గొట్టం, చెవి, బొడ్డు. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. ఏడాదిన్నరలో ఆ గదిలో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని లేవు. పురుషోత్తం నోరు తెరుచుకొని చూస్తున్నాడు.

తస్లీమా పెన్ను కింద పెట్టింది.

"ఖండప్ప గారూ, ఒకటి అడుగుతాను. కోపం తెచ్చుకోవద్దు. కిడ్నీ పోతుందని ఈ మాట చెప్తున్నారా?"

ఆయన మొహం మాడిపోయింది. ఆమె అడగడంలో తప్పు లేదు. ఆ కుర్చీలో తనున్నా అదే అడుగుతాడు.

"పంతులు విషయంలో మూడో రోజు దాకా ఆగాం" అంది ఆమె. "మీ మాట నమ్మి ఇప్పుడు ఆగితే, అది పొరపాటైతే, అంజనమ్మ ఉండదు. కిడ్నీ కాదు, మనిషే ఉండదు. మీకు తెలుసు గదా?"

"తెలుసు." ఖండప్ప పళ్లేల దిక్కు చెయ్యి చూపించాడు. "నా మాట నమ్మొద్దండి. శుక్రవారం ఇంకా నాలుగింటికి ముక్కలు తీసినా. ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, నలభై, నలభై నాలుగు. నలభై ఒకటికంటే ఒక దినం వెనక. నేను చెప్పేది నిజమైతే వాటికి కూడా చిల్లు చుట్టూ ఇప్పుడు మొలకెత్తుతా ఉంటాది. తీసి చూడండి."

పురుషోత్తం అప్పటికే లేచాడు. నాలుగు పళ్లేలు దీపం మీదికి వచ్చాయి. కెమెరా పచ్చలైటు వేసింది. ఏమీ లేదంది. ఖండప్ప ముప్పై ఆరుని వంచి, చిల్లు అంచు చూపించాడు. తస్లీమా భూతద్దం పెట్టుకొని వంగింది. గసగసాల్లో సగం ఉంటాయేమో, మూడు చుక్కలు. ముప్పై ఎనిమిదికి ఐదు. నలభైకి ఏమీ లేవు. నలభై నాలుగుకి రెండు. అన్నీ చిల్లు చుట్టే. ఆ మనుషులంతా ఇళ్లలో ఉన్నారు. పోయిన వారం నెత్తురు పరీక్షలు అందరివీ బాగున్నాయి. ఎక్కడెక్కడి ఊర్లవాళ్లకో ఒకేసారి ఒకే చోట మచ్చ రావాలంటే, అది నెత్తురులో నుంచి వచ్చేది కాదు.

"గీకప్పా" అంటూ ఖండప్ప చెవి ముందుకు మడిచి పురుషోత్తం దగ్గరికి వంగాడు.

"ఏంది మామా?"

"నా చెవి వెనక. గీకి, ఆ మచ్చల పక్కన పెట్టి చూడు."

పురుషోత్తం చెవి వెనకా గీకాడు, పళ్లేల మచ్చలూ గీకాడు. రంగునీళ్ల చుక్క వేశాడు. అద్దాల కింద పెట్టాడు. ఒకటి చూశాడు, ఇంకోటి చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"మేడమ్, రంగు వేస్తే ఇప్పుడు బాగా కనబడతాండాది, సేమ్యా పాయసంలో సగ్గుబియ్యం కలిసినట్టు ఉండాది. చిన్న పుల్లలు, చిన్న గింజలు. ఈ పళ్లెంలోదీ అంతే. ఆ పళ్లెంలోదీ అంతే. మామ చెవిలోదీ అంతే. ఒక తల్లి పిల్లలు."

తస్లీమా తానే చూసింది. చాలాసేపు చూసింది. లేచి కుర్చీ వెనక్కి తోసి, "ఇది ప్రతి మనిషి తలలోనూ ఉండే బూజు. జిడ్డు తిని బతుకుతుంది. నా తలలోనూ ఉంటుంది" అంది. "అయితే ఆ తలనొప్పి ఏంది?"

ముగ్గురూ వార్డుకి పోయారు. పురుషోత్తం ముందు పరిగెత్తి నర్సుతో సెలైన్ సీసా పక్కన పెట్టించాడు. రంగనాయకులు కూడా వచ్చాడు. సంగతంతా విని అంజనమ్మ నాడి పట్టుకొని, మెడ వంచి చూసి, కంట్లో లైటు వేసి, తలనొప్పి ఎప్పటినుంచి, ఎట్లా అని అడిగాడు.

"టీ మానేసిన కాడ్నుంచి సామీ."

"టీ ఎందుకు మానేశావు?"

"నువ్వే గదప్పా చెప్తివి, శనివారం. దినానికి ఆరు గ్లాసులా, తగ్గించు అంటివి. తగ్గించేదేందిలే అని ఒక్కసారే ఆపేస్తి."

రంగనాయకులు మొహం చూడాల్సిందే. కాసేపటికి క్యాంటీన్ నుంచి గ్లాసెడు టీ వచ్చింది. ఆసుపత్రి గ్లాసులోనే. ఇనుము వాసన అని అంజనమ్మ ఈసారి అనలేదు. అరగంటకి తలనొప్పి సగానికి దిగింది. గంటకి పక్కమంచం ఆమెకి పాత ఆటలో పాట ఎత్తుకునింది.

మందు పెట్టలేదు. మాత్రలు ఆపలేదు. అయినా మూడు రోజులు కదలనివ్వలేదు. పూటకోసారి నెత్తురు తీశారు. ఒళ్లంతా చూశారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. తలలో బూజే. ఆ కాగితం చదివినాక తస్లీమా వరండాలోకి వచ్చి, బెంచీ మీద ఖండప్ప పక్కన కూర్చొని, మొహం రెండు చేతుల్లో పెట్టుకునింది. ఏడుస్తోందని ఆయనకి కాసేపటికి గానీ తెలీలేదు.

"నాలుగు గంటలకి నేనే ఎక్కించి ఉండేదాన్ని" అంది. "బాగున్న మనిషికి. నా చేత్తో."

ఖండప్ప కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఆ తర్వాత ఆమె కళ్లు తుడుచుకొని డాక్టరమ్మ అయింది. చెయ్యాల్సిన కోపం అంతా చేసింది. మచ్చ తేలని నలభైతో సహా ఐదు జోళ్లు పారేయాలి, ఐదు ఇళ్లకి కబురు చెయ్యాలి, ఐదుగురికి మళ్లీ తొడ గీకాలి. అదంతా విని ఖండప్ప తెల్లకోటు విప్పి మడిచి బెంచీ మీద పెట్టాడు.

"అదెందుకు విప్పారు?"

"పోతా మేడమ్."

"ఎక్కడికి? ముక్క తీసే పని మీకు జన్మలో ఇవ్వను. చూసే పనికి మీరు కాకపోతే ఎవరున్నారు, ఆ కెమెరానా? కూర్చోండి. నాకొకటి చెప్పండి. బొడ్డు లేదన్న మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు కనబడలేదు. తేడా అయితే కొట్టింది."

"ఆ తేడా కొట్టిందన్న మాటే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

పురుషోత్తానికి నవ్వొచ్చి దగ్గు కింద దాచుకున్నాడు. తస్లీమా లోపలికి పోయి గోడ మీది కాగితం పీకేసింది. కొత్తది రాసింది. మచ్చ తేలితే బొడ్డు ఉందా లేదా ముందు చూడాలి. పక్క జోళ్లు చూడాలి. మనిషిని అడగాలి. ఆ తర్వాతే మందు. కింద ఇంకో వరస కలిపింది. చూసినవాడు చూసినదంతా చెప్పాలి, అడిగినా అడక్కపోయినా. ఆ వరసలో పేరు పెట్టకపోయినా ఎవరికోసమో అందరికీ తెలుసు.

కొత్త జోడు పెరగడానికి రెండు నెలలు పడుతుందని విని అంజనమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"రెండు నెలలు ఆ సవతి పీడ లేదు! నా ఒళ్లు నేనే చూసుకుంటా."

పొద్దున్నే అద్దం ముందు నిలబడి చూసుకొనేది. వీపు మాత్రం మొగుడు చూడాలి. చూసి ఊరుకుంటే ఒప్పుకొనేది కాదు, చెప్పాల్సిందే. ఎడమ రెక్క కింద పుట్టుమచ్చ. పాతదే. నడుము కాడ చీమ కుట్టింది. అది కూడా పైదే. అట్లా చెప్పి చెప్పి ఖండప్పకి కొంచెం నోరు తిరగడం మొదలైంది. ఆ రెండు నెలల్లోనే రాణి హారం పూర్తయింది. పక్కన నూనెగిన్నె పెట్టుకొనే పని చేశాడు. చెయ్యి సగం పైకి లేచి, గిన్నె గుర్తొచ్చి దిగేది. ఒక్కోసారి గుర్తొచ్చేది కాదు.

అందుకని అంజనమ్మ పాత చీర చించి ఒక టోపీ కుట్టింది. రెండు పక్కలా చెవులు మూసేట్టు రెక్కలు, గడ్డం కింద ముడి. తస్లీమా దాన్ని ఆవిరి పెట్టెలో పెట్టించి శుద్ధి చేయించింది. అది పెట్టుకొని ల్యాబ్‌లోకి పోతే పురుషోత్తం, "మామా, చలికాలం ఊటీకి పోతాండావా?" అన్నాడు.

రెండు నెలలు నిండిన సోమవారం యాభై రెండో పళ్లెం దీపం మీదికి వచ్చింది. ఎవరిదో ఖండప్ప అడగలేదు. పురుషోత్తం చెప్పలేదు. తస్లీమా మాత్రం ఆ పొద్దు చీటీలు రాసే పని ఆ గదిలోనే పెట్టుకునింది.

"యాభై రెండు" అన్నాడు ఖండప్ప. "మచ్చ లేదు. కుడి మూలన ఒక మడత. కింద అంచు కొంచెం పలచన, అది పెరిగే తోలు, భయం లేదు. నడుమ చిన్న గీత ఉండాది, గొట్టం ఆనిన జాడ. ఎరుపు లేదు. వాపు లేదు. రంగు..."

"నిదానం మామా, రాసుకోవద్దా?"

ఖండప్ప ఆగాడు. ఆగినప్పుడు చెయ్యి దానంతట అది లేచింది. చెవి వెనక్కి పోయింది. చీర గుడ్డ తగిలింది. కాసేపు అక్కడే తడుముకొని, దారి తప్పినట్టు కిందికి దిగింది.

మధ్యాన్నం రూముకి పోయేటప్పటికి అంజనమ్మ రాణి బొమ్మని ఒళ్లో పెట్టుకొని, దాని గొంతు ఎట్లా ఉండాలో పలికి చూసుకుంటోంది. పక్కన టీ గ్లాసు. ఈ మధ్య దినానికి రెండే. ఆయన్ని చూసి పాట ఆపింది.

"ఏమనింది నా సవతి?"

ఖండప్ప టోపీ ముడి విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమీ అనలేదు" అన్నాడు. "గమ్మునుండాది. నా మాదిరే."